గాలి పరీక్ష

శ్రీరామనవమి నాడు మా కోడలు పెద్ద ఇత్తడి గంగాళంలో పానకం కలుపుతుంది. బెల్లం దంచే చప్పుడు వినబడగానే పిల్లలు చెంబులు పట్టుకుని చేరతారు, మిరియాలూ యాలక్కాయలూ కలిపి నూరిన ఘాటు వంటింటి గుమ్మం దాటి, వసారా దాటి, నేను నడుం వాల్చిన మంచం దాకా వస్తుంది. ఆ వాసన తగలగానే నేను పైట చెంగు ముక్కుకి అడ్డం పెట్టుకుని దొడ్లోకి పోయి అరటిచెట్ల మధ్య నిలబడతాను. "రాములవారి ప్రసాదం అత్తయ్యగారూ, ఒక్క గుక్కండీ" అంటూ కోడలు ఏటేటా చెంబు పట్టుకుని నా వెనకాలే తిరుగుతుంది. ముసలిదానికి చాదస్తం ముదిరిందని ఇరుగుపొరుగు నవ్వుకుంటారు, నవ్వుకోనీ. నాకు రాముడి మీద కోపం లేదు. నా కోపమంతా మా తాతయ్య మీద, ఆయన నడిపిన గోష్ఠి మీద, ఆ గోష్ఠిలో మురిపెంగా తిరిగిన తొమ్మిదేళ్ల పిల్ల మీద, అంటే నా మీదే.

మా పుట్టినూరు గోదావరి గట్టున, ఆత్రేయపురానికి పడవ మీద ఒక పూట ప్రయాణం. ధవళేశ్వరం దగ్గర ఆనకట్ట కట్టి అప్పటికి పదేళ్లు దాటి ఉంటుంది. అంతకు ముందు మా వాళ్లు ఒక ఏడు కరువుకీ మరో ఏడు వరదకీ ఏడ్చినవాళ్లే, గంజిలోకి ఉప్పు కోసం తడుముకున్నవాళ్లే. కాలవ నీళ్లొచ్చాక గాదెలు నిండాయి, గాదెలు నిండాక తీరుబడి వచ్చింది, తీరుబడి వచ్చాక మా ఊరి పెద్దలకు వేదాంతం పట్టుకుంది. ఒక చలికాలం పోలవరం వైపు నుంచి ఒక స్వామి పడవలో దిగి మా సావిట్లో నలభై రోజులు మకాం పెట్టాడు. కంటికి కనపడేదంతా లేనిదేననీ, ఉన్నది ఒక్కటేననీ, గాలి లేని చోట దీపంలాగా మనసు కదలకుండా నిలిస్తే అదే ముక్తి అనీ బోధించాడు. ఆయన చెప్పింది ఎవరికెంత అర్థమయిందో తెలీదు గానీ, ఆయన తిన్న జున్నూ, నేతి అరిసెలూ, పొద్దున్నే తాగిన గుమ్మపాలూ మాత్రం మా నాయనమ్మ చచ్చేదాకా ఒక్కటీ మరవకుండా చెప్పేది. వెళ్తూ వెళ్తూ ఆ స్వామి తాతయ్య నెత్తిన చెయ్యి పెట్టి, ఇక్కడ గోష్ఠి నడపమని చెప్పి పోయాడు.

అప్పటి నుంచీ ప్రతి లక్ష్మివారం మధ్యాహ్నం, భోజనాలై అందరూ ఒక కునుకు తీశాక, మా సావిట్లో నిశ్చల గోష్ఠి. ఆ రోజు ఇంట్లో నీచు వండకూడదు, చంటిపిల్లలు ఏడవకూడదు, దొడ్లో దంపుడు చప్పుడు వినపడకూడదు. పొద్దున్నే పేడతో అలికి ముగ్గు పెట్టిన సావిట్లో ఆ తడి వాసన పోకముందే కరణంగారు వచ్చేవారు, ఆయన వెనకాల బడి పంతులుగారు, ఆ వెనక నలుగురైదుగురు మోతుబరి రైతులు, చెప్పులు అరుగు కింద విడిచి, కాళ్లు కడుక్కుని, కండువాలు సవరించుకుంటూ. వేసవయితే వాళ్ల కోసం తాటిముంజెలూ మామిడి తాండ్రా, వానాకాలమయితే వేడివేడి పెసర పునుకులు, చలికాలమయితే పాతర తవ్వి తీసిన తేగలు, ఇక ఏ కాలమయినా చివర్లో ఇత్తడి గ్లాసుల్లో మిరియాల పానకం. తాతయ్యకు చూపు ఆనేది కాదు. ఆయన దగ్గరే అక్షరాలు దిద్దిన నేను తాటాకు పుస్తకం ఒళ్లో పెట్టుకుని శ్లోకాలు చదివేదాన్ని. "ఆడపిల్ల కాదండీ ఇది, సాక్షాత్తూ సరస్వతి" అని కరణంగారు మెచ్చుకుంటే నా కాళ్లు నేల మీద నిలిచేవి కావు.

ఆ సావిట్లో కూర్చోడానికి ఒక వరస ఉండేది. పరీక్షలో నెగ్గినవాళ్లకు చాప, ఇంకా నెగ్గనివాళ్లకు వట్టి నేల, గడప అవతల అరుగు మీద ఒకే ఒక్కడు, వీరన్న. వీరన్న గోదాట్లో చేపలు పట్టుకుని బతికే పల్లెకారు. వరద నీళ్లలో నావ దాటించగలవాడు మా రేవు మొత్తానికి అతనొక్కడే. అతనికి చదువు రాదు గానీ, వలలు బాగు చేసుకుంటూ పాడే తత్వాలు వందకు పైగా నోటికొచ్చు, గొంతెత్తితే అవతలి లంకలో పశువులు కాసేవాళ్లు సైతం చెవి ఒగ్గేవారట. ఆ పాట వినే తాతయ్య అతన్ని గోష్ఠిలో చేర్చుకున్నాడు. "మా గోష్ఠిలో కులం లేదండోయ్, చేపలవాడు కూడా మావాడే" అని ఊరూరా చెప్పుకు తిరిగేవాడు. కులం లేదు గానీ గడప మాత్రం ఉంది. అందరికీ గ్లాసుల్లో ఇచ్చే పానకం వీరన్నకు పైనుంచి దోసిట్లో పోసేవారు, అతను ఏదైనా అడుగుదామని ముందుకు వంగితే తాతయ్య ఉత్తరీయం కొస ముక్కు దగ్గర పెట్టుకునేవాడు. నీచు వాసనట.

వీరన్న కొడుకు పెంటయ్య. వాడికి ముందు నలుగురు పుట్టి పోయారు. వీణ్ణి పుట్టగానే పెంటకుప్ప మీద దొర్లించి ఆ పేరు పెట్టారు, చావుకి రోత పుట్టి వదిలేస్తుందని. వాడూ నేనూ రేవు మెట్ల మీద గచ్చకాయలాడేవాళ్లం, ఇసకలో వామనగుంటలు తవ్వుకునేవాళ్లం, ఎండ్రకాయల బొరియల్లో పుల్లలు పెట్టి కెలికేవాళ్లం. పెద్దవాళ్లు వింటుంటే నన్ను "బుల్లెమ్మగారూ" అనేవాడు, ఎవరూ లేకపోతే "ఒసే బుల్లీ" అనేవాడు. నా గచ్చకాయలు కాజేసి, అడిగితే గోదారి తల్లి తోడని దొంగ ఒట్టు పెట్టుకునేవాడు. వాడంటే నాకు ప్రాణం, ఆ మాట ఇప్పటికి చెప్పగలుగుతున్నాను.

ఇక పరీక్ష సంగతి. దాన్ని గాలి పరీక్ష అనేవారు. మనసు దీపమైతే దానికి గాలి తగిలించి చూడాలి గదా, కదులుతుందో లేదో! ఏ వారం ఎవరికి గాలి తగులుతుందో ముందు తెలియనిచ్చేవారు కాదు. ఉన్నట్టుండి ఒక చెడ్డ కబురు చెప్పడమో, నలుగురిలో పరువు తీసి తిట్టడమో చేసి, అందరూ ఆ మనిషి మొహం వంక గుచ్చి గుచ్చి చూసేవారు. రెప్ప కొట్టుకున్నా, గుటక మింగినా ఓడిపోయినట్టే. కరణంగారికి గడ్డివాము తగలబడిందని కబురు పంపితే ఆయన పంచె ఎగ్గట్టి, వేదాంతం అక్కడే పారేసి, వీధి మలుపు దాకా పరిగెత్తారు. వెనకాల అందరూ పొట్టలు పట్టుకుని నవ్వారు, ఆర్నెల్లు ఆయన్ని గడ్డివాము వేదాంతి అన్నారు, రెండో పరీక్ష నెగ్గేదాకా ఆయన నేల మీదే కూర్చున్నారు. బడి పంతులుగారికి రాజమహేంద్రవరంలో తల్లి పోయిందని చెప్పారు. ఆయన కళ్లు మూసుకుని "పుట్టనిది చావదు" అన్నారు, నెగ్గారు, చాప మీదికి వచ్చారు, పానకం తాగారు. ఆ సాయంత్రం కాలవ గట్టు మీద ఒక్కరే కూర్చుని మోకాళ్లలో తల పెట్టుకుని ఏడుస్తుంటే నేను చూశాను. అబద్ధమని చెప్పేశాక కూడా ఎందుకు ఏడుస్తున్నారో నాకు అప్పుడు అర్థం కాలేదు.

తాతయ్యకు మాత్రం ఎవరూ ఎప్పుడూ గాలి పెట్టలేదు. ఆయనది గురుస్థానం. నాయనమ్మ అయితే వంటింట్లో అట్లకాడ తిప్పుతూ, "వెర్రి ముదిరింది, రోకలి తలకు చుట్టండి అన్నాట్ట వెనకటికొకడు. ఈ ఇంట్లో రోకళ్లు చాలవు" అని గొణిగేది. ఆవిడ గొణుగుడు సావిడి దాకా వినబడేది, అందరూ చిరునవ్వు నవ్వేవారు, అజ్ఞానం అని.

వీరన్నకు ఒక్కటే కోరిక. నేను రేవులో ఆడుకుంటుంటే వల అల్లుకుంటూ చెప్పేవాడు: "ఆ సాప మీద ఒక్కపాలి కూకోవాలండి బుల్లెమ్మగారూ. మా నాయిన, మా తాత, అందరూ మీ అరుగు కిందే నిలబడి పోయారండి. ఆ లోపల కూకుంటే సాలండి, ఇంకేం వద్దండి." ముక్తి కావాలని అతను ఎప్పుడూ అనలేదు, అతనికి కావలసింది చాప.

అతని వంతు ఒక మామిడికాయల కాలంలో వచ్చింది. తాతయ్య నన్ను దొడ్లోకి పిలిచి, ఆత్రేయపురం నుంచి వచ్చిన పూతరేకుల బుట్ట చూపించి, ఏం చెప్పాలో నేర్పాడు. పసిపిల్ల నోటి వెంట వస్తే ఎవరూ అనుమానపడరట. పూతరేకంటే నేను ఏమైనా చేస్తాను, తెల్లగా పొరలు పొరలుగా, నోట్లో వేసుకోగానే నెయ్యీ బెల్లప్పొడీ కరిగిపోయి ఉన్నట్టుండి ఏమీ లేకుండా పోతుంది. గోష్ఠి మధ్యలో సావిట్లోకి పరిగెత్తి, "వీరన్నా, పెంటయ్య కాలవలో పడ్డాడు!" అన్నాను. నవ్వు తన్నుకొస్తుంటే పెదవి కొరుక్కున్నాను. వీరన్న నా మొహంలోకి చూసి, "నిజంగానండీ?" అన్నాడు. "అమ్మ తోడు" అన్నాను. అమ్మ తోడు అనమని తాతయ్య చెప్పలేదు, అది నా సొంత కల్పన. అతను అరుగు మీద నుంచి దూకిన దూకుడికి కింద విడిచిన చెప్పులు చెల్లాచెదరయ్యాయి. కాలవ గట్టు పొడుగునా "నాయినా పెంటయ్యా" అని అరుచుకుంటూ పోయాడట, చివరికి పిల్లాడు మామిడితోటలో చెట్టెక్కి కాయ కొరుకుతూ కనిపించాడట. వాణ్ణి చంక నేసుకుని, ఒళ్లంతా బురదతో మా ఇంటి ముందుకొచ్చి నిలబడేసరికి సావిడి మొత్తం గొల్లున నవ్వింది. కరణంగారు అందరికంటే ఎక్కువ నవ్వారు, తన గడ్డివాము మర్చిపోయేలా నవ్వారు. "వేదాంతం వల్లించినంత తేలికనుకున్నావురా? వల ఇప్పుకో, పో" అన్నారు. తాతయ్య నవ్వలేదు, జాలిగా తలాడించి, ఇంకో ఏడాది అరుగే అన్నాడు. వీరన్న కూడా నవ్వడానికి చూశాడు, రాలేదు.

నాకు రెండు పూతరేకులు ఇచ్చారు. ఒకటి నేను తిని, ఒకటి పెంటయ్యకు ఇచ్చాను. వాడు నాకుతూ, "మళ్లీ ఎప్పుడు నన్ను సంపుతావే బుల్లీ?" అని పళ్లికిలించాడు. వీరన్న మాత్రం ఆ రోజు నుంచీ వల అల్లుతూ తనలో తనే ఏదో చెప్పుకునేవాడు. చూపుడు వేలు సూదితో పొడుచుకుని, మొహం కదలకుండా ఉందో లేదో నీళ్లలో చూసుకునేవాడు. ఇంట్లో కొడుకు ఎగిరొచ్చి వీపెక్కితే మెల్లిగా దించేసి అవతలికి పోయేవాడు. ఆ పిల్లాడు నా దగ్గరికొచ్చి, "మా నాయిన నాతో మాట్లాడ్డం లేదే" అని ఏడ్చాడు కూడా. మమత పెంచుకుంటేనే గదా కదలడం అని కరణంగారు అతనికి బోధించారట.

శ్రావణంలో ఎర్రనీరు దిగింది. మన్యంలో కురిసిన వానలన్నీ మా రేవు ముందు నుంచే సముద్రానికి పోయేవి, దుంగలూ, వెదురు బొంగులూ, ఎవరి దొడ్లోవో కొబ్బరికాయలూ కొట్టుకొచ్చేవి, గట్టు మీద నిలబడితే ఆ బురద వాసనతో తల దిమ్మెక్కేది. ఆ లక్ష్మివారం పంతులుగారే పుస్తకం చదువుతున్నారు, నాకు సెలవు దొరికింది. పెంటయ్య ఒక్కడే తన తండ్రి చిన్న దోనెలో ఒడ్డు వెంబడే పోతూ దుంగలకు కొక్కెం వేసి లాగుతున్నాడు, నేను మెట్ల మీద నిలబడి ఇటు ఇటు అని అరుస్తున్నాను. ఒక పెద్ద దుంగ అడ్డంగా వచ్చి కొట్టింది, దోనె బోర్లా పడింది, మరుక్షణం వాడి తల చాలా దూరంలో తేలింది. ఒడ్డుకి దూరంగా సగం మునిగిన తుమ్మచెట్టొకటి ఉంటే దాని కొమ్మ పట్టుకున్నాడు. నేను నడుం లోతు దిగాను, నీళ్లు నన్ను కూడా లాగాయి. "రాకే బుల్లీ! మా నాయిన్ని పిలు!" అని అరిచాడు వాడు. తండ్రి నావ రేవులోనే కట్టేసి ఉంది. తెడ్డు వేసేవాడు రావాలంతే.

నేను సావిట్లోకి వచ్చి పడ్డాను. "వీరన్నా, పెంటయ్య గోదాట్లో పడ్డాడు, తుమ్మచెట్టు పట్టుకుని ఉన్నాడు, పరిగెట్టు!" అన్నాను. అందరూ నా వంక చూశారు, తర్వాత ఒకళ్ల వంక ఒకళ్లు చూసుకున్నారు. కరణంగారు ఇది తాతయ్య పెట్టిన గాలి అనుకున్నారట, తాతయ్య ఇది కరణంగారు పెట్టిన గాలి అనుకున్నాడట, ఇవన్నీ తర్వాత చెప్పుకున్న మాటలు. "భేష్! ఈసారి పరికిణీ తడిపి మరీ పంపించారే!" అన్నారు కరణంగారు. నేను గుండెలు బాదుకున్నాను. "అబద్ధం కాదు తాతయ్యా, అమ్మ తోడు, అమ్మ తోడు!" అన్నాను. "ఒట్టు కూడా అదే వేస్తోందండీ" అని ఎవరో నవ్వారు.

వీరన్న అరుగు మీద నుంచి ఒక కాలు కిందికి దించాడు. నేను ఈ కళ్లతో చూశాను, దించాడు. అప్పుడు తాతయ్య చాప మీద నుంచి లేచి, గడప దాకా నడిచి వచ్చి, అతని భుజం మీద చెయ్యి వేశాడు. "కదలకు వీరన్నా. ఎవరు పడ్డారు, ఎవరు తేలారు? పాడు" అన్నాడు. వీరన్న దించిన కాలు మళ్లీ పైకి తీసుకున్నాడు. కళ్లు మూసుకున్నాడు. పాడాడు.

ఆ పాట ఏమిటో నేను చెప్పను. గొంతు ఎక్కడా వణకలేదు. నేను అతని చెయ్యి పట్టుకుని లాగాను, ఆ చెయ్యి చల్లగా ఉంది. తాతయ్య కాళ్ల మీద పడ్డాను, లేచి వీరన్న భుజం మీదున్న ఆయన చేతిని రక్తం వచ్చేలా కొరికాను. ఆయన చెయ్యి తియ్యలేదు. మొహం మీద చిరునవ్వు చెరగనివ్వలేదు, అందరూ చూస్తున్నారు మరి, గురువుగారికి నొప్పి ఏమిటి! చరణం అయిపోయింది, రెండోది మొదలయింది. నా కేకలకు పెరట్లో నుంచి నాయనమ్మ పిండి చేతులతోనే వచ్చింది. గుమ్మంలో ఒక్క క్షణం నిలబడి నన్ను చూసింది. "నిజమో అబద్ధమో ముందు పోయి చూసి చావండ్రా! మీ వేదాంతం మండా!" అని అరిచి, దొడ్లో ఉన్న పాలేళ్లను తరిమింది. నేను వాళ్ల వెనక పరిగెత్తలేకపోయాను. కాసేపటికి ఒక పాలేరు వగర్చుకుంటూ వచ్చి, "సెట్టుందండి. కుర్రాడు లేడండి" అన్నాడు.

అప్పుడు పాట ఆగింది. వీరన్న లేచి, ఎవరి వంకా చూడకుండా నడిచి, వీధి చివరికి వెళ్లాక పరిగెత్తాడు. చీకటి పడేదాకా గోదాట్లో దూకుతూ తేలుతూ వెతికాడు. మర్నాడు కింది లంక దగ్గర పిల్లాడు దొరికాడు, అరిచేతుల నిండా తుమ్మముళ్లు. అంటే చాలాసేపే పట్టుకుని ఉన్నాడన్నమాట. వాడి తల్లి మా ఇంటి ముందుకొచ్చి మూడు దోసిళ్లు దుమ్మెత్తి పోసి, "మీ ఇంట్లో దీపం ఎట్టే దిక్కు లేకుండా పోవాల!" అని శపించి, పుట్టింటికి, పట్టిసీమ వైపు వెళ్లిపోయింది. మళ్లీ రాలేదు.

ఇంక గోష్ఠి ఉండదనుకున్నాను. పిచ్చిదాన్ని. పెద్దలు వారం రోజులు తర్జనభర్జన పడ్డారు. తాము ఒక పిల్లాణ్ణి చంపామని ఒప్పుకోవాలి, లేదా ఒక మహానుభావుణ్ణి తయారు చేశామని చెప్పుకోవాలి. రెండోదే వాళ్లకు నచ్చింది. మరుసటి లక్ష్మివారం సావిడి మధ్యలో కొత్త చాప పరిచి వీరన్నకు కబురు పెట్టారు. అతను రాకూడదని నేను దేవుళ్లందరికీ మొక్కుకున్నాను. వచ్చాడు. గడప దాటాడు, చాప మీద కూర్చున్నాడు, శాలువా కప్పుతుంటే కప్పనిచ్చాడు. "పుత్రశోకానికి చలించనివాడు మన గోష్ఠిలో పుట్టాడు" అని కరణంగారు కళ్లు ఒత్తుకున్నారు. ఇత్తడి గ్లాసులో పానకం ఇచ్చారు. వీరన్న తాగాడు, గటగటా, మొత్తం. నేను దొడ్లోకి పోయి కక్కుకున్నాను.

ఆ తర్వాత అతను ఒక్క లక్ష్మివారం తప్పలేదు. అందరికంటే ముందు వచ్చి చాప మీద కూర్చునేవాడు. పాడమంటే పాడేవాడు కాదు, అడిగితే పలికేవాడు కాదు, తాతయ్య మొహం వంక రెప్ప వెయ్యకుండా చూసేవాడు. వాళ్లు కోరుకున్న నిశ్చలత్వం అదే గదా! పంతులుగారు మొదట జడిసి రాజమహేంద్రవరం వెళ్లిపోయారు, కరణంగారికి మోకాళ్ల నొప్పులు వచ్చాయి, రైతులకు పొలం పనులు వచ్చాయి. చివరికి సావిట్లో ఇద్దరే మిగిలారు. లక్ష్మివారం వస్తోందంటే తాతయ్య బుధవారం నుంచే "ఒంట్లో బాగాలేదని చెప్పవే వాడికి" అని నన్ను బతిమాలేవాడు. నేను చెప్పేదాన్ని కాదు. పోయే ముందు తాతయ్య మూడు రోజులు చావుకి భయపడి చంటిపిల్లాడిలా ఏడ్చాడు. నాయనమ్మ ఆయన నోట్లో తులసి నీళ్లు పోస్తూ, "ఏడవండి, ఇప్పుడైనా ఏడవండి" అంది. నాకు జాలి కలగలేదు, ఇప్పటికీ లేదు.

పదమూడో ఏట నన్ను కాపురానికి పంపారు. నావ వీరన్నదే. నన్ను దిగబెట్టడానికి వచ్చిన చిన్నాన్న నావ గూడు కింద గుర్రు పెడుతున్నాడు, నేను కొత్త చీరలో, కొంగున కట్టిన ఒడిబియ్యంతో కూర్చుని, నాలుగేళ్లుగా దాచుకున్న మాట బయట పెట్టాను. "వీరన్నా, ఆ రోజు నేను అబద్ధం చెప్పలేదు. మొదటిసారి చెప్పాను, నన్ను చంపెయ్యి. రెండోసారి నిజం."

అతను తెడ్డు ఆపలేదు. "తెల్సండి" అన్నాడు.

"ఇప్పుడు తెలుసు, అప్పుడు తెలీదు గదా."

"అప్పుడే తెల్సండి. మొదటిపాలి మీరు నవ్వాపుకుంటా వచ్చారండి. రెండోపాలి మీ మొకం సూడగానే తెల్సిపోయిందండి." తెడ్డు మరో నాలుగు సార్లు వేశాడు. "లెగుద్దామనే కాలు దించానండి. పెద్దయ్యగారు వచ్చి నా బుజం మీద సెయ్యేశారండి. నా జన్మలో ఆయనగారు నన్నెప్పుడూ ముట్టుకోలేదండి. ముక్కు మూసుకోకుండా నా పక్కన నిలబడ్డారండి. ఆ సెయ్యి కింద నించి లెగడానికి నాకు మనసు రాలేదండి బుల్లెమ్మగారూ. ఒక్క నిమిసం ఉండి లెగుద్దాం, ఇంకొక్క నిమిసం అనుకున్నానండి."

అత్తవారి రేవు వచ్చింది. నేను దిగాను, అతను నావ తిప్పుకున్నాడు. అతన్ని మళ్లీ చూడలేదు.

ఇప్పుడు అవేమీ లేవు. మా సావిడి రెండు తుఫాన్లకు కూలితే ఆ జాగాలో పశువుల పాక వేశారు, రేవు మెట్లని గోదారి కోసుకుపోయింది, పల్లెకారుల గుడిసెలు ఇంకా కిందికి తరలిపోయాయి, ఆ తత్వాలు పాడేవాళ్లు కనపడరు. మొన్నామధ్య నా మేనల్లుడు వచ్చాడు. తాతగారి గోష్ఠి గురించి చిన్న పుస్తకం అచ్చు వేయిస్తున్నాడట, నాకు గుర్తున్నవి చెప్పమన్నాడు. రెండు రోజులు కూర్చోబెట్టి అంతా చెప్పాను, నావలో మాటలతో సహా. వాడు తల వంచుకుని రాసుకున్నాడు. పుస్తకం పోయిన నెల వచ్చింది. అందులో తాతయ్య మహిమలు పేజీలకు పేజీలు ఉన్నాయి. పుత్రమరణవార్త విని కూడా గానం ఆపని ఒక పల్లెకారు శిష్యుడి ప్రస్తావన రెండు వరుసల్లో ఉంది. నేను చెప్పిందేదిరా అని అడిగితే, "అది రాస్తే పెద్దవాళ్ల పేరు పోతుందత్తా" అన్నాడు.

ఆ పిల్లాడి పేరు కూడా రాయలేదు. వాడి పేరు పెంటయ్య. నలుగురు పోయాక పుట్టాడు, ఎనిమిదేళ్లు బతికాడు. నాయన్ని పిలవమన్నాడు, నేను పిలిచాను.